మామ బండికి పాట కట్టిన మూడు రోజులు

ఆ రోజుల్లో మా మొయినాబాద్ దారి మీద ఇంజినీరు కాలేదంటే చదువు అబ్బలేదని, ఇంజినీరై కూడా సాఫ్ట్‌వేర్‌లో చేరలేదంటే బయటికి చెప్పుకోలేని జబ్బేదో ఉందని లెక్క. మెహిదీపట్నం బస్సు ఎక్కితే చాలు, పక్క సీటులోని పెద్దమనిషి తన కొడుకు ఏ కంపెనీలో చేరాడో, ఇప్పుడు కొత్తగా ఏ భాష నేర్చుకుంటున్నాడో చెప్పేవాడు (కంప్యూటరు భాష అన్నమాట; ఒకాయన మాత్రం అదేదో విదేశీయుల భాష అనుకుని, అక్కడివాళ్ళు అన్నం తింటారా అని నన్నడిగాడు). నేనేమో ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేసి, మా కాలేజీకి దారితప్పి వచ్చినట్టు వచ్చిన రెండు కంపెనీలూ నన్ను వద్దనుకుని వెళ్ళిపోయాక, ఎంకపల్లిలో మా ఇంట్లో కూర్చుని ఉన్నాను. కూర్చున్నానంటే ఊరికే కాదు. ఎవరింట్లో మిక్సీ తిరగకపోయినా, టీవీలో గీతలు పడినా, బోరు మోటారు మూలిగినా నాకే కబురొచ్చేది. ఇంజినీరంటే ఇంజినీరే కదా. నాలుగేళ్ళలో నేను ట్రాన్సిస్టరును కాగితం మీద గీసినన్నిసార్లు చేత్తో పట్టుకోలేదని, చివరి ఏడాది ప్రాజెక్టు నలుగురం కలిసి అమీర్‌పేటలో కొనుక్కొచ్చిందేనని (దాని మూత ఒక్కసారి కూడా తెరవలేదు, తెరిస్తే మళ్ళీ పనిచేయదని కొట్టువాడు ముందే చెప్పాడు) ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండడానికి చాలా కష్టపడేదాన్ని. పిలిచిన ఇంటికి వెళ్ళి, వస్తువు వంక గంభీరంగా చూసి, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టేదాన్ని. సగం సార్లు అది పనిచేసేది. మిగతా సగం సార్లు "పార్టు దొరకదు" అని వచ్చేసేదాన్ని.

మా అమ్మకు ఒక తమ్ముడు. నాకు మామ. పొద్దున్నే మా దగ్గరి ప్రొద్దుటూరులో (కడప జిల్లాది కాదు) మొదలుపెట్టి చుట్టుపక్కల ఊళ్ళలో పాలు సేకరించే వ్యాను నడిపేవాడు. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్నాయని, అందులో పనిచేసేవాళ్ళను ఇళ్ళనుంచి తెచ్చి దింపడానికి బండ్లు కావాలని విని, వ్యాను పని వదిలేసి ఏడుగురు కూర్చునే పాత తెల్ల బండి ఒకటి కొన్నాడు. కొన్నాక ఆరు వారాలు అక్కడి ఒక కంపెనీ గేటు చుట్టూ తిరిగితే చివరకు ఒక అవకాశం దొరికింది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి బండి తీసుకుపోయి చూపించాలి. వాళ్ళ సూపర్‌వైజరు లైట్లు, హారను, బ్రేకులు అన్నీ చూసి సరే అంటే ఆ రోజునుంచే డ్యూటీ. కాదంటే ఆ చోటు వెనక వరుసలో ఉన్న ఇంకో బండికి పోతుంది. పాల వ్యాను మీద అప్పటికే వేరే మనిషి ఎక్కేశాడు కాబట్టి మామకు వెనక్కి వెళ్ళే దారి కూడా లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. శుక్రవారం సాయంత్రం మామ సిటీనుంచి వస్తూ బండి వెనక ఒక అట్టపెట్టె, దాని పక్కన గొర్రెపిల్లను పడుకోబెట్టినంత స్పీకరు పెట్టె వేసుకొచ్చాడు. అట్టపెట్టెలో ఉన్నది యాంప్లిఫయరు. అంటే బండిలో సీడీ వేసే డెక్కులోంచి వచ్చే సన్నటి పాటను పెద్దది చేసి స్పీకరుకు అందించే యంత్రం. సాఫ్ట్‌వేర్ వాళ్ళు రెండేసి గంటలు ట్రాఫిక్‌లో కూర్చుంటారట, వాళ్ళకు మంచి పాట వినిపిస్తే మామ బండే కావాలని అడుగుతారట. ఇది ఆయన వ్యాపార రహస్యం. పాత సామాన్ల బజారులో అమ్మినవాడు బిగించి ఇస్తానన్నా మామ ఒప్పుకోలేదు. ఏమన్నాడో మా అత్త ముందు, అమ్మ ముందు, గోడవతల పొరుగువాళ్ళ ముందు మూడుసార్లు చెప్పాడు. "మా ఇంట్లనే ఇంజినీరు ఉన్నది, మీరెందుకు అన్న."

నేను ఆ క్షణంలోనే నిజం చెప్పేసి ఉండాల్సింది. కానీ నా జీవితంలో మొదటిసారి ఒకరు నా డిగ్రీని నమ్మి డబ్బు మిగుల్చుకున్నారు. "రేపు పొద్దుగాల పెడ్త మామ" అన్నాను. నా గొంతు నాకే చాలా అనుభవజ్ఞురాలి గొంతులా వినిపించింది.

శనివారం పొద్దున ఏడింటికే మొదలుపెట్టాను. యాంప్లిఫయరుకు కరెంటు నేరుగా బ్యాటరీనుంచి రావాలని పెట్టె మీది బొమ్మలో ఉంది. ఆ బొమ్మలో బ్యాటరీ పక్కనే తీగ మధ్యలో చిన్న చదరం గీసి "ఫ్యూజు" అని కూడా ఉంది. అట్టపెట్టె బోర్లించి వెతికాను, ఫ్యూజు లేదు. (పాత సామాను కదా, ముందువాడు ఎక్కడో పారేసుంటాడు.) ఫ్యూజు లేకపోతే కరెంటుకు అడ్డు తగిలేదేమీ లేదు, ఇంకా హాయిగా పోతుంది అనుకున్నాను. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. తీగ కోసం మా ఇంటి అటక మీద చూస్తే గదిలో బల్బుకు వేయగా మిగిలిన సన్నతీగ చుట్ట ఉంది. కరెంటు కరెంటే, తీగ తీగే. ఇంజినుకూ మన కాళ్ళకూ మధ్య ఉండే ఇనుప గోడలో ఒక పాత రంధ్రం కనిపిస్తే అందులోంచి తీగను లాగి, దారిలో ఉన్న మిగతా తీగల కట్టతో కలిపి, కార్పెట్టు కింద వెనక్కి తీసుకెళ్ళాను. రెండో తీగను బండి ఇనుముకు కలపాలి. రంగు వేసిన ఒక బోల్టు అందంగా కనిపిస్తే దానికి చుట్టాను. ఏమీ మోగలేదు. రంగు పైన చుడితే ఇనుము తగలదని గంటసేపటికి తట్టింది. కొంచెం గీకి మళ్ళీ చుట్టాను. అప్పుడు మోగింది.

ఎంత మోగిందంటే మా కోళ్ళు గంపల్లోకి దూరాయి. అత్త మా చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. ఆమె తెచ్చిన భక్తిగీతాల సీడీలో తబలా మొదలవగానే బండి తలుపులు వణికాయి. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. మామ నా నెత్తిన చెయ్యి పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఊపులోనే అందరం బండెక్కాం. మామ, పక్కన అత్త, వెనక స్పీకరు పెట్టె మీద చెయ్యేసుకుని నేను. మొయినాబాద్ దాకా పోయి చాయ్ తాగి వద్దామన్నాడు మామ. అసలు ఉద్దేశం మొయినాబాద్ సెంటరుకు ఆ తబలా వినిపించడం.

సెంటరుకు ముందున్న స్పీడ్ బ్రేకరు దాటగానే ఏదో వాసన. ఎవరో టైరు కాలబెడుతున్నారంది అత్త. తర్వాత మామ కాళ్ళ దగ్గర కార్పెట్టులోంచి తెల్లటి పొగ, అగరుబత్తి పొగలాగా తీరిగ్గా లేచింది. మామ బండి పక్కకు ఆపి, తాళం తీసి, అత్తను కిందికి లాగాడు. పాట ఆగింది. పొగ ఆగలేదు. ఎందుకు ఆగలేదో నాకు అప్పుడు అర్థమైంది. ఆ తీగను నేను తాళంతో పని లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపాను. రంధ్రం అంచున ఇనుము తీగ తోలును కోసేసింది, బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ సన్నతీగలో పోతోంది. దాన్ని ఆపే వస్తువు ఒక్కటి కూడా దారిలో లేదు. చాయ్ హోటలులోంచి ఒకాయన జగ్గుతో నీళ్ళు పట్టుకొచ్చాడు, ఇంకొకాయన పొయ్యొద్దన్నాడు, అత్త రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టింది. అప్పుడు ఎదురుగా ఉన్న బ్యాటరీల కొట్టులోంచి తెల్లగడ్డం పెద్దాయన ఒకరు పరుగెత్తకుండా, కానీ ఆగకుండా నడిచొచ్చి, బానెట్ ఎత్తి, చేతిలోని స్పానరుతో ఒకే ఒక్క నట్టు వదులు చేసి, బ్యాటరీ మీది నల్లతీగను ఊడబీకాడు. పొగ పలచబడి ఆగిపోయింది.

ఆయన్ను మొయినాబాద్‌లో అందరూ ఫ్యూజ్ సాబ్ అంటారని తర్వాత తెలిసింది. ఆ దారిలో తిరిగే జీపులు, ట్రాక్టర్లు అన్నిటి కరెంటు పని ఆయనదే. ఎవరు చేశారని ఆయన అడిగితే మామ ఆ పరిస్థితిలో కూడా కొంచెం గర్వంగానే నా వైపు చూపించి, ఇంజినీరింగ్ చదివిందన్నాడు. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఫ్యూజు ఎక్కడుందని అడిగాడు. పెట్టెలో రాలేదని చెప్పాను.

"బ్యాటరీకి నీ సర్టిఫికెట్ కనబడదు బిడ్డ" అన్నాడు ఆయన. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు.

బండిని నలుగురూ తోసి ఆయన కొట్టు ముందు పెట్టారు. కార్పెట్టు ఎత్తి చూస్తే నా తీగ ఒక్కటే కాలలేదు, పక్కనున్న కట్టనంతా తనతో తీసుకుపోయింది. హారను లేదు, ఇండికేటర్లు లేవు, వెనక బ్రేకు లైట్లు లేవు. అంటే సోమవారం పొద్దున సూపర్‌వైజరు చూడబోయేవేవో సరిగ్గా అవే లేవు. ఫ్యూజ్ సాబ్ చేతిలో అప్పటికే రెండు ట్రాక్టర్ల పని ఉంది, మంగళవారం దాకా ముట్టలేనన్నాడు. మామ చాలాసేపు ఆ నల్లబడ్డ తీగల వంక చూసి, "పోనీ కోడలా, ఎవరికేం కాలె. గదే చాలు" అన్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. నాలుగు తిట్లు తిని ఏడ్చి ఇంటికి పోయేదాన్ని. ఆ మాట విన్నాక ఇంటికి పోవడం కుదరలేదు.

నేను చెడగొట్టింది నేనే బాగుచేస్తాను, ఎలా చేయాలో చెప్పండి చాలు అని ఫ్యూజ్ సాబ్‌ను అడిగాను. ఆయన వినిపించుకోలేదు. నేను ఆయన కొట్టు అరుగు మీద కూర్చున్నాను. మామ, అత్త బస్సెక్కి పోయారు. ట్రాక్టరు వచ్చింది, పోయింది. ఇంకో ట్రాక్టరు వచ్చింది. నేను కదల్లేదు. చివరకు ఆయన విసుగొచ్చి, మూరెడు తీగ ముక్క, ఒక బ్లేడు నా ముందు పడేసి, లోపలి పోగుల్లో ఒక్కటి కూడా తెగకుండా పైతోలు తీయమన్నాడు. మొదటిసారి మూడు పోగులు తెగాయి. రెండోసారి వేలు తెగింది. అలా ఎన్నిసార్లు తీశానో లెక్క లేదు, మూరెడు తీగ బెత్తెడయింది. ఆ బెత్తెడు మిగిలిన చోట పోగులన్నీ నిలిచాయి. ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూసి, రెండు వేళ్ళతో పోగులు విప్పి చూసి, "నేను ముట్ట. నువ్వే చెయ్యాలె. నేను జర చూస్త, అంతే" అన్నాడు.

ముందు సరైన తీగ కావాలి. అంత లావు, అంత మెత్తని రాగితీగ చేవెళ్ళలో ఒక సేటు దగ్గర మాత్రమే దొరుకుతుందని, అది వెల్డింగువాళ్ళు వాడేదని చెప్పి పంపాడు. చేవెళ్ళ బస్సు ఎక్కి వెళ్ళాను. సేటు తాతలనాటి కొట్టులో, మోటార్ల మధ్య, దేవుడి పటం కింద కూర్చుని ఉన్నాడు. వెల్డింగు తీగ ఆరు గజాలు కావాలంటే, వెల్డింగు షాపు పెడుతున్నావా బిడ్డా అన్నాడు. కాదన్నాను. అయితే బోరు మోటారుకా, ఎన్ని హెచ్‌పీలది అన్నాడు. మోటారు కాదు సేటు, పాటకు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, పాటకు ఆరు గజాల వెల్డింగు తీగ ఎవరు వాడతారని లోపలున్న భార్యను పిలిచి మరీ అడిగాడు. ఆమె బయటికొచ్చి నా బొగ్గుచేతులు, కట్టుకట్టిన వేలు చూసి, తీగ సంగతి వదిలేసి ముందు మంచినీళ్ళు ఇచ్చింది. తీగ, ఇనుప గోడ రంధ్రంలో పెట్టే రబ్బరు బుష్షు, గాజు ఫ్యూజులు రెండు, వాటి డబ్బీ, హారనుకు ఇండికేటర్లకు రంగురంగుల తీగలు అన్నీ సంచిలో వేసుకుని వచ్చాను.

ఆదివారం మాకు చర్చి. మా ఇంట్లో చర్చి మానడమన్నది జ్వరమొస్తే తప్ప లేదు, అది కూడా అమ్మ చెయ్యి పెట్టి చూసి ఒప్పుకోవాలి. నేను చర్చికి కాదు, కొట్టుకు వెళ్తున్నానని చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ వంటింటి గుమ్మంలో నిలబడితే, అమ్మ నా వైపు చూడకుండానే టిఫిను డబ్బా చేతికిచ్చింది. "హారను లేకున్నా దేవుడు ఊకుంటడు. సూపర్‌వైజరు ఊకోడు. పో" అంది.

ఆ రోజు జరిగిన పనిని పనిగా చెబితే మీకు నిద్రొస్తుంది, అయినా కొంచెం చెప్పకుండా ఉండలేను. కాలిన కట్టలో తీగలన్నీ నల్లగా అతుక్కుపోయాయి, ఏది హారనుదో ఏది ఇండికేటరుదో రంగు చూసి చెప్పే వీలే లేదు. అప్పుడు నాకు నా మీటరు గుర్తొచ్చింది. కాలేజీలో కొనిపించిన చిన్న మీటరు, ఒకే తీగ రెండు కొసలకూ దాని ముళ్ళు పెడితే కూ అని కూస్తుంది. నాలుగేళ్ళలో నేను దాన్ని కూయించింది రెండుసార్లు. ఆ ఒక్క పూటలో అది రెండు వందలసార్లు కూసింది. ఫ్యూజ్ సాబ్ తన జీవితమంతా బల్బు వెలిగించి చూసి పనిచేసిన మనిషి. ఆ కూత విని స్టూలు కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. మాటిచ్చినట్టే ఆయన దేన్నీ ముట్టలేదు. నేను తప్పు చేయబోతే దగ్గేవాడు, అంతే. ఆయన దగ్గితే నా చెయ్యి గాల్లో ఆగిపోయేది. మధ్యలో ఒకసారి ఆయనకు నిజంగానే దగ్గు తెర వచ్చింది, నేను బాగున్న జాయింట్లు రెండు విప్పేశాను.

పన్నెండింటికల్లా హారను, లైట్లు తిరిగొచ్చాయి. చర్చినుంచి అత్తతో కలిసి నేరుగా వచ్చిన మామ ఇంటికి తీసుకెళ్దాం, ఇంక పాట వద్దన్నాడు. ఆయన మొహం చూస్తే ఆ అట్టపెట్టెను మళ్ళీ ముట్టుకోవడానికే భయపడుతున్నాడని తెలిసింది. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు వదిలేస్తే నేను జీవితాంతం ప్లగ్గు పీకి పెట్టే ఇంజినీరుగానే ఉంటానని నాకు తెలుసు. మామకు అదంతా చెప్పలేదు, సాయంత్రం దాకా టైమివ్వమన్నాను. మామ ఫ్యూజ్ సాబ్ వైపు చూశాడు. ఆయన దగ్గలేదు.

బ్యాటరీ నల్లతీగ తీసి పక్కన పెట్టాకే మొదలుపెట్టాను. ఆ వరసను ఆయన నాచేత మూడుసార్లు అప్పజెప్పించాడు, పని మొదలైతే ముందు అది తీయాలి, పని అయిపోయాక చివరగా అది పెట్టాలి. లావుతీగకు బ్యాటరీనుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు డబ్బీ పెట్టాను. వెనక యాంప్లిఫయరు పక్కన పెడితే బాగా కనిపిస్తుంది కదా అంటే, ఆయన ఆ రోజు మొత్తంలో మాట్లాడిన ఒకే ఒక్క పొడుగు మాట అప్పుడు మాట్లాడాడు. "ఫ్యూజు పాటపెట్టెను కాపాడనీకె కాదు, వైరును కాపాడనీకె. వెనక పెడితే నడుమ అంత పొడుగు వైరు ఎవరు కాపాడాలె? వైరుకు మంట అంటుకుంటే అది పెట్టె దగ్గరికి పోదు బిడ్డ, సీట్ల కూసున్న మనిషి దగ్గరికి పోతది." మామ అత్తను బండిలోంచి కిందికి లాగిన దృశ్యం నా కళ్ళ ముందు తిరిగింది. ఆ తర్వాత నేను ఎదురు చెప్పలేదు. రంధ్రంలో రబ్బరు బుష్షు తొడిగి తీగ లాగాను. వెనక సీటు కింద రంగును గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాను. (మామ అటు తిరిగి నిలబడ్డాడు, తన తోలే ఒలుస్తున్నట్టు.) డెక్కు ఆపితే యాంప్లిఫయరు కూడా ఆగేలా సన్నటి నీలం తీగ కలిపాను, లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుందట.

అంతా బిగించాక, బ్యాటరీ తీగ పెట్టాక, డెక్కు ఆన్ చేయబోతే ఫ్యూజ్ సాబ్ ఆపాడు. వెనక యాంప్లిఫయరులోంచి లావుతీగ కొసను విప్పి, బండి ఇనుముకు తాకించమన్నాడు. నాకు అర్థం కాలేదు. నిన్న పొగ వచ్చింది సరిగ్గా అలా తగిలినందుకే. మామ వద్దు సాబ్ అంటూ ముందుకొచ్చాడు.

"నిన్న నీకు తెలువక కాలింది. ఇయ్యాల తెలిసి తాకియ్యి" అన్నాడు ఆయన.

మామను దూరం జరగమన్నాను. అత్త కళ్ళు మూసుకుంది. తీగ కొసను ఇనుముకు ఆనించాను. చిన్న మెరుపు, ముందు బానెట్ కింద టప్ అని గోరు విరిగినంత చప్పుడు. అంతే. పొగ లేదు, వాసన లేదు. వెళ్ళి చూస్తే గాజు గొట్టంలో సన్నరేకు తెగి ఉంది. తీగ మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. చదువుకున్న నాలుగేళ్ళలో ఫ్యూజు గురించి మూడు మార్కుల ప్రశ్నకు చాలాసార్లు జవాబు రాశాను. అది ఏం చేస్తుందో చూసింది అప్పుడే.

తీగను మళ్ళీ యాంప్లిఫయరుకు బిగించి, కొత్త ఫ్యూజు వేసి పాట పెట్టాను. తబలా బ్రహ్మాండం. మామ ఇంజిను స్టార్టు చేయగానే పాట వెనక సన్నటి ఈల మొదలైంది. ఎక్సలరేటరు తొక్కితే ఈల పైస్థాయికి పోతుంది, వదిలితే దిగుతుంది. అది పాటలో ఉన్న శ్రుతే అనుకుని అత్త రెండు చరణాలు దాంతో కలిసి పాడింది కూడా. అడుగుదామంటే ఫ్యూజ్ సాబ్ అప్పటికే నమాజుకు వెళ్ళాడు. నేను బండిలో ఒక్కదాన్నే కూర్చుని ఆలోచించాను. ఈల ఇంజినుతో పెరుగుతోంది, అంటే ఇంజినునుంచి వచ్చే కరెంటులోదే. అది పాటలోకి ఎక్కడ దూరుతోంది? డెక్కునుంచి పాటను తెచ్చే సన్నతీగ, కరెంటు తెచ్చే లావుతీగ రెండింటినీ అందంగా ఉంటుందని పక్కపక్కన జడలాగా పడుకోబెట్టాను. లావుదాని గోల సన్నదానికి అంటుకుంటోంది. ఈ సంగతి మా పుస్తకంలో ఎక్కడో ఒక అధ్యాయంగా ఉంది, నేను దాన్ని బట్టీపట్టి పాసయ్యాను కూడా. కార్పెట్టంతా మళ్ళీ ఎత్తాను. లావుతీగను ఎడమ పక్కన ఉంచి, సన్నతీగను మొత్తం లాగేసి కుడి పక్కనుంచి తీసుకెళ్ళాను. ఇంజిను స్టార్టు చేశాను. ఈల లేదు. ఎక్సలరేటరు తొక్కాను. లేదు. ఇంకా గట్టిగా తొక్కాను. మొయినాబాద్ సెంటరులో అందరూ నా వైపు తిరిగారు, కానీ పాటలో ఈల లేదు.

ఫ్యూజ్ సాబ్ తిరిగొచ్చి, టోపీ మడిచి జేబులో పెట్టుకుని, బండి పక్కన నిలబడి పాట మొత్తం విన్నాడు. ఎత్తిన కార్పెట్టు, మారిన తీగ చూశాడు. దగ్గలేదు. రెండు చాయ్‌లు చెప్పాడు, ఒకటి నాకు. ఆ రోజుకు నాకు ఆయనిచ్చిన పట్టా అదే.

సోమవారం తొమ్మిదింటికి గచ్చిబౌలిలో ఆ అద్దాల మేడ వెనక బండ్ల వరుసలో మేమూ ఉన్నాం. ఎవరు అడిగినా జవాబు చెప్పడానికి మామ నన్ను వెంట తీసుకెళ్ళాడు. సూపర్‌వైజరు నా వయసువాడే, మెడలో టై, చేతిలో కాగితాల అట్ట. హారను కొట్టించాడు, లైట్లు, ఇండికేటర్లు, బ్రేకులు అన్నీ చూశాడు. బానెట్ ఎత్తించి, జానెడు దూరంలో ఉన్న నా ఫ్యూజు డబ్బీని కాసేపు చూసి అదేమిటని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎంతసేపు చెప్పానో తెలియదు, మధ్యలో వాడు అట్టను చంకలో పెట్టుకున్నాడు. చివరకు బాగా చేశారన్నాడు. బండి పాసయిందన్నాడు. అన్నాక ఇంకో మాట కూడా అన్నాడు. కంపెనీ రూలు ప్రకారం బండిలో పాటలు పెట్టకూడదు, ఉద్యోగులు దారిలో నిద్రపోతారు, చప్పుడు ఉంటే ఫిర్యాదు చేస్తారు.

మామ నా మొహం చూశాడు, నేను మామ మొహం చూశాను. గేటు దాటాక మామకు ముందు నవ్వొచ్చింది. తర్వాత నాకు. అలా నవ్వుతూనే మెహిదీపట్నం దాకా పోయాం, వెళ్ళాల్సింది అటు కాదని అక్కడికి పోయాక తెలిసింది. ఆ తర్వాత అన్నేళ్ళూ ఆ యాంప్లిఫయరు రోజంతా నిద్రపోయే సాఫ్ట్‌వేర్ వాళ్ళ వెనక మౌనంగా కూర్చుని, మామ ఖాళీ బండితో ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మాత్రం నోరు విప్పేది.

ఏడాదికి నాకూ ఉద్యోగం వచ్చింది. సాఫ్ట్‌వేరే. ఇంకా కొన్నేళ్ళకు మామ ఆ బండి అమ్మేసి కొత్తది కొన్నాడు. పాత బండి కొనే ఆయనకు పాటపెట్టె అక్కర్లేదట, తీసేసి ఇమ్మంటే మామ చేవెళ్ళనుంచి ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. ఆ రోజు సెలవు కావడంతో నేనూ ఎంకపల్లిలో ఉన్నాను. ఆయన అరగంట పని అనుకుని తొమ్మిదింటికి మొదలుపెట్టాడు. పదకొండయినా కార్పెట్టు కిందనుంచి బయటికి రాలేదు. నేను తీగను జానెడుకు ఒకచోట ప్లాస్టిక్ ట్యాగుతో కట్టి, ఆ ట్యాగు మీద ఇంకో ట్యాగు వేసి, పైన టేపు చుట్టి, టేపు మీద మళ్ళీ ట్యాగు వేసి పెట్టానట. ఒక్కో బోల్టుకు రెండేసి నట్లు. మధ్యాహ్నం అన్నం వేళకు ఆయన చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చి, దీన్ని ఎవరు కట్టారు, ఈ బండి ఏమైనా యుద్ధానికి పోవాల్సిందా అని మామను అడిగాడు.

మామ గడప మీద కూర్చుని ఉన్న నన్ను చూపించాడు. ఆయన నా మెత్తని చేతులు, పొడుగు గోళ్ళు చూసి మామ పరాచికాలాడుతున్నాడనుకున్నాడు. ఆఫీసులో నేను రాసింది ఏదైనా ఆరునెలలు దాటి నిలిస్తే గొప్ప, ఎవరో ఒకరు వచ్చి ఒక్క మీట నొక్కి చెరిపేసి కొత్తది రాస్తారు. నేనూ ఇంకొకరిది అలాగే చెరుపుతాను, ఎవరికీ చెమట పట్టదు. నేను లేచి, కొంగు నడుముకు దోపుకుని, ఆయన చేతిలోంచి కట్టరు తీసుకున్నాను. మిగతావి విప్పడానికి మా ఇద్దరికీ సాయంత్రం నాలుగయింది.